ముప్పై రెండో మాత్ర

ఆ సంగీతం హాలు వేదిక కింద ఒక గది ఉంది. దాన్ని ఊపిరి గది అంటారు.

గది అనగానే గొప్పగా ఊహించుకోవద్దు. వేదిక వెనక పన్నెండు ఇనుప మెట్లు దిగితే ఒక చెక్క తలుపు. లోపల పెద్ద వాద్యాల ఖాళీ పెట్టెలు, మడతపెట్టి పడేసిన పాత తెరలు, కాలు విరిగిన కుర్చీ ఒకటి. పగలు అందరూ అందులోకి వెళ్తారు, వస్తారు. రాత్రి తొమ్మిది దాటిందా... ఎంత మొనగాడైనా ఆ మెట్ల వైపు చూడడు.

ఎందుకంటే ఆ తలుపు వెనక ఎవరో ఊపిరి పీలుస్తారు.

పీలుస్తారు — అంతే. వదలరు.

గరగరమంటూ, బరువైన బల్లని నేల మీద ఈడ్చినట్టు, ఒక ఊపిరి లోపలికి వెళ్తుంది. తర్వాత నిశ్శబ్దం. పీల్చినవాడు వదలాలి కదా అని వినేవాడు ఎదురుచూస్తాడు... వదలడు. కాసేపటికి మళ్ళీ పీలుస్తాడు.

"లోపలికి వెళ్ళిన గాలి ఎటు పోతోందండీ?" అని వాచ్‌మన్ కనపడ్డవాళ్ళనల్లా అడిగేవాడు.

నేను ఆ హాలుకి కార్యక్రమాల పుస్తకాలు అచ్చువేస్తాను. రాత్రిళ్ళు అక్కడ ఉండాల్సిన అవసరం నాకు లేదు, దేవుడి దయ. ఈ సంగతులన్నీ నాకు చెప్పింది రిపేరు బాబాయ్. క్లారినెట్లకి మెత్తలు మార్చడం, ఓబోల మీటలు బిగించడం, ట్యూబాలనే పెద్ద ఇత్తడి బాకాలకి సొట్టలు తియ్యడం ఆయన పని. హాల్లో చిన్నాపెద్దా అందరికీ ఆయన బాబాయే. ఆయన అబద్ధం ఆడడని నేను పూచీ పడను గానీ, కొత్తగా కల్పించి చెప్పే ఓపిక మాత్రం ఆయనకి లేదు.

ఊపిరి గది వెనక ఒక పాత కథ ఉంది. ఇరవై ఏళ్ళ కిందట ఆ హాలు వాద్యబృందంలో ఒక ముసలాయన ఓబో వాయించేవాడట. ఓబో అంటే మన సన్నాయికి దూరపు చుట్టం అనుకోండి. ఒకరోజు రిహార్సల్లో బృందాన్ని నడిపించేవాడు చెయ్యి పైకెత్తి, ఈ స్వరం నేను చెప్పేదాకా పట్టుకోమన్నాడు. అంతలో ఎవరితోనో తగువొచ్చి, ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయాడు. ముసలాయన పట్టుకునే ఉన్నాడు... మొహం ఎర్రబడింది, తర్వాత నల్లబడింది. పెద్దమనిషి మాట మాటే! చివరికి ఎవరో చూసి ఆపారు. ఆయన మెల్లగా మెట్లు దిగి, ఆ గదిలో ఒక పెట్టె మీద కూర్చుని, గుండెనిండా ఊపిరి పీల్చాడు.

అది వదలకుండానే పోయాడు.

వదలని ఆ ఊపిరే ఇంకా గదిలో తిరుగుతోందని హాల్లో అందరి నమ్మకం. ఒక్క రిపేరు బాబాయ్‌కే చిన్న అనుమానం. "ముసలాయన పోయి ఇరవై ఏళ్ళు. ఊపిరి వినపడేది ఏడేళ్ళ నుంచే. మధ్యలో పదమూడేళ్ళు దెయ్యం సెలవు పెట్టిందా?" అనేవాడు. కానీ రాత్రి తొమ్మిదికి ఆయనా సంచీ సర్దేసేవాడు. అనుమానం వేరు, ధైర్యం వేరు.

ఇక గుడ్లగూబ సంగతి.

గుడ్లగూబ అంటే ఆ హాలు వాళ్ళ ఆస్థాన స్వరకర్త. ఆ పేరు పెట్టింది బృందంలో వాళ్ళే. ఆయనకి తెలుసు, పైగా లోలోపల మురిసిపోయేవాడు. ఎందుకంటే ఆయన కీర్తి అంతా నిద్ర పట్టకపోవడం మీదే నిలబడింది. 'రాత్రి — ఒకటి', 'రాత్రి — రెండు' అంటూ ఆరు రాత్రులు రాశాడు, అన్నీ ఊదే వాద్యాలకే. వీణకీ వయొలిన్‌కీ ఎందుకు రాయరని అడిగితే, "రాత్రికి తీగలుండవు, ఊపిరే ఉంటుంది" అనేవాడు. రేడియోలో అడిగితే, "నేను ఇరవై ఏళ్ళుగా నిద్రపోలేదు. నిద్ర ఒక లొంగుబాటు. నేను లొంగను" అనేవాడు. ఆ సంగీతం విన్న జనం మాత్రం హాయిగా లొంగిపోయేవాళ్ళు. 'రాత్రి — నాలుగు' సగంలో ఉండగా ముందు వరుసలో ఒకాయన కుర్చీలోంచి జారి పడ్డాడు. ఆవేశం తట్టుకోలేక మూర్ఛపోయాడని మర్నాడు పేపర్లో రాశారు.

పుస్తకం అట్ట మీద ఆయన ఫొటో వేసేటప్పుడల్లా నాకో చీటీ వచ్చేది: "కళ్ళ కింద నలుపు ఇంకాస్త ముదరాలి." నేను సిరా ఇంకాస్త దట్టంగా వేసేవాణ్ణి. నాదేం పోయింది!

ఆయన భార్య ఆ బృందంలోనే మొదటి ఓబో. అందరూ ఓబో అక్క అంటారు. పొద్దున్నే వచ్చి, కూర్చుని, ఓబో మొనకి పెట్టే రెల్లు పీక తడుపుకుని, అందరికీ శ్రుతి ఇస్తుంది. ఆ శ్రుతి విన్నాక బృందంలో ఎవరి వాద్యమూ ఊరుకోదు. కాఫీ తాగుతున్నవాడైనా కప్పు కిందపెట్టి కలపాల్సిందే, అలవాటు అలాంటిది. నిజంగా కళ్ళ కింద నలుపు ఉన్నది ఆవిడకి. ఆవిడ ఫొటో మాత్రం అట్ట మీద ఎప్పుడూ పడలేదు.

ఆ ఏడు ఆయన కొత్త కృతి రాశాడు. పేరు 'నిద్రమాత్రలు'.

మాత్ర అంటే తాళంలో ఒక లెక్క కదా. మందు బిళ్ళకీ అదే పేరు. రెండర్థాలూ వచ్చాయని ఆయన ఉబ్బితబ్బిబ్బయ్యాడు. గోడల మీద పోస్టర్లు అంటించాక, టికెట్టుకి డాక్టరు చీటీ కావాలా అని ఇద్దరు ఫోన్ చేశారట.

కృతిలో ఘనత ఏమిటంటే, సంగీతం తక్కువ, విరామాలు ఎక్కువ. ఒక స్వరాల గుంపు వినపడుతుంది... పద్నాలుగు మాత్రలు నిశ్శబ్దం. ఇంకో గుంపు... ఇరవై రెండు మాత్రలు నిశ్శబ్దం. తర్వాత తొమ్మిది. తర్వాత ముప్పై ఒకటి. ఈ అంకెలు ఎక్కడివని అడిగితే, "ఒక తెల్లవారుజామున రాత్రే నా చేతికిచ్చింది" అని పుస్తకంలో వేయించాడు. మధ్యలో విరామం లేదని కూడా వేయించాడు. నిజానికి మధ్యలో విరామం తప్ప ఏమీ లేదు.

పైగా కటిక చీకట్లో వాయించాలట. దీపం చుక్క కూడా ఉండకూడదు.

దానికి అడ్డం తిరిగినవాడు బృందాన్ని నడిపించే ఆయన. చేతిలో సన్నటి కర్ర పుచ్చుకుని వాద్యాలని నడిపిస్తాడు, ఇంట్లోవాళ్ళనీ అలాగే నడిపిస్తాడట. అందుకే ఆయన్ని చాటుగా కర్రపెత్తనం అంటారు. "చీకట్లో నా కర్ర ఎవడికి కనపడుతుందండీ?" అని గోల పెట్టాడు.

"కనపడదు" అన్నాడు గుడ్లగూబ చల్లగా. "ఊపిరే సైగ. మొదటి ఓబో ఊపిరి పీల్చుకోవడం వినపడగానే అందరూ ఎత్తుకోవాలి."

ఊదేవాళ్ళకి అది కొత్తేం కాదు. కలిసి మొదలుపెట్టాలంటే పక్కవాడి ఊపిరే వాళ్ళకి సైగ. చెవిన పడిందా, ఆలోచన లేకుండా వేళ్ళు కదులుతాయి, గాలి వెళ్ళిపోతుంది.

కానీ ఆ హాల్లో... ఊపిరి పీల్చేది ఓబో అక్క ఒక్కతే కాదు కదా.

రాత్రి సంగీతానికి రాత్రే రిహార్సల్ అన్నాడు గుడ్లగూబ. మొదటి రోజు తొమ్మిదింటికి వచ్చి, నిద్ర మీద పావుగంట ఉపన్యాసం ఇచ్చి, "నా రాత్రిని నేను ఒంటరిగా వినాలి" అని ఎటో వెళ్ళిపోయాడు. దీపాలు ఆర్పేశారు. పంతొమ్మిది మంది చీకట్లో కూర్చున్నారు. బాబాయ్ పక్కన నిలబడ్డాడు, ఎవరి మీట ఊడినా బిగించడానికి.

మొదటి గుంపు బాగానే వచ్చింది. రెండోదీ వచ్చింది. ఇరవై రెండు మాత్రల విరామం మొదలైంది. అందరూ మనసులో లెక్కపెడుతున్నారు... ఆరు... ఏడు... ఎనిమిది...

గ్ఘర్ర్ర్ర్...

కాళ్ళ కింద నుంచి. చెక్క పలకల సందుల్లోంచి. దీర్ఘంగా — ఒక ఊపిరి.

పద్దెనిమిది వాద్యాలు ఒక్కసారి మోగాయి!

"ఆపండి! ఎవరు ఊపిరి పీల్చింది?" అని కర్రపెత్తనం అరిచాడు.

"నేను కాదు." "నేనూ కాదండీ." "నేనసలు పీల్చనే లేదు." ఆ చీకట్లో పంతొమ్మిది మందీ ఊపిరి పీల్చలేదని ప్రమాణాలు చేశారు. ఎవరూ పీల్చకుండా ఇందాక ఎలా ఊదారని అడిగేపాటి తెలివి అప్పుడు ఎవరికీ లేదు.

దీపాలు వేశారు. అందరి మొహాలూ సున్నం కొట్టినట్టున్నాయి. అయిదు నిమిషాల్లో హాలు ఖాళీ అయింది. ట్యూబా ఆయన వాద్యాన్ని కుర్చీలోనే వదిలేసి, పెట్టె బాబాయ్ చేతిలో పెట్టి పారిపోయాడు.

పెట్టె ఉండాల్సింది కింద గదిలో.

"అక్కడే వదిలేసి ఇంటికి పోవచ్చుగా?" అన్నాను నేను, బాబాయ్ ఇది చెప్తున్నప్పుడు.

"దారికి అడ్డంగా ఉంటే పొద్దున్నే కర్రపెత్తనం నన్ను తింటాడు. దెయ్యం తింటుందో లేదో తెలీదు. ఈయన తినడం ఖాయం" అన్నాడు.

దిగాడు. ఒక మెట్టు... రెండు... ఏడు. ఎనిమిదో మెట్టు మీద ఉండగా తలుపు వెనక నుంచి వినపడింది. పీల్చింది. బాబాయ్ ఆగాడు. నిశ్శబ్దం... ఇంకా నిశ్శబ్దం... వదలదేం? వదలదేం? అని తన ఊపిరి తనే బిగబట్టాడు. మళ్ళీ పీల్చింది — ఈసారి తలుపు చెక్క అదిరినట్టనిపించింది.

పెట్టె అక్కడే వదిలేశాడు. ఎడమకాలి చెప్పూ అక్కడే ఉండిపోయింది.

పైన ఓబో అక్క ఒక్కతే ఇంకా కూర్చుని ఉంది. ఒళ్ళో తన కాగితాలు పెట్టుకుని, వేలితో ఆ అంకెలని తడుముతోంది.

"అమ్మా... ముసలాయన... కింద..." అన్నాడు బాబాయ్ రొప్పుతూ.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఆ తాత కాదు బాబాయ్. ఓబో వాయించేవాళ్ళకి ఊపిరి చాలకపోవడం బాధ కాదు. ఎక్కువైపోవడం బాధ. ఆ సన్నటి పీకలోంచి ఎంత గాలి పోతుంది? ఛాతీ నిండా పాత గాలి మిగిలిపోతుంది. అందుకని మేం ముందు వదుల్తాం, తర్వాతే పీలుస్తాం. చచ్చినా ఆ అలవాటు పోదు. ఇది వదలడం లేదుగా."

"మరి... ఎవరు?"

ఆవిడ లేచింది. "రండి. విందాం."

రాననడానికి బాబాయ్‌కి మొహం చెల్లలేదు. ఇద్దరూ దిగారు. ఆవిడ ముందు, ఒంటి చెప్పుతో ఈయన వెనక. తలుపు ముందు నిలబడి ఆవిడ కళ్ళు మూసుకుంది. లోపల ఊపిరి పీల్చింది. ఆవిడ కాలి బొటనవేలు నేల మీద మెల్లగా కొట్టడం మొదలుపెట్టింది... ఒకటి, రెండు, మూడు...

మళ్ళీ పీల్చింది. "పద్నాలుగు" అంది ఆవిడ గుసగుసగా.

బొటనవేలు కొడుతూనే ఉంది... "పదహారు."

ఇంకాసేపటికి... "ఇరవై రెండు."

ఆవిడ ఇనుప మెట్టు మీద కూర్చుండిపోయింది. "దెయ్యం కాదు బాబాయ్. మా ఆయన."

బాబాయ్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు రాబోయింది. ఆవిడ మొహం చూసి మింగేశాడు.

విషయం ఇదీ. ఇరవై ఏళ్ళుగా నిద్రపోని మహానుభావుడు, తల దిండుకి తగిలిన రెండో నిమిషంలో గుర్రుపెట్టి నిద్రపోయే మనిషి. గుర్రు అంటే మామూలు గుర్రు కాదు. ఒకసారి లోపలికి లాగుతాడు, అక్కడ ఊపిరి ఆగిపోతుంది. ఆగి... ఆగి... ప్రాణం మీదికి వచ్చినప్పుడు మళ్ళీ లాగుతాడు.

"గుర్రు పెడితే భయం లేదు బాబాయ్" అంది ఆవిడ. "గుర్రు ఆగితేనే భయం. పక్కన పడుకుని లెక్కపెట్టేదాన్ని. విరామాలు లెక్కపెట్టడం మన వృత్తేగా. డాక్టరుకి చూపిద్దామని ప్రతి రాత్రీ చిన్న పుస్తకంలో రాశాను. పద్నాలుగు. ఇరవై రెండు. తొమ్మిది. ఒకరోజు ముప్పై ఒకటి వచ్చింది. ఎంత కుదిపినా లేవలేదు. భయమేసి ఓబో తీసి శ్రుతి ఊదేశాను. దిగ్గున లేచి కూర్చున్నాడు. ఒకప్పుడు క్లారినెట్ వాయించినవాడేగా, శ్రుతి వింటే పడుకోలేడు. అర్ధరాత్రి మూడింటికి ఊదానని పక్కింటివాళ్ళు పోలీసుల్ని పిలిచారు."

"డాక్టరు దగ్గరికి తీసికెళ్ళకపోయావా అమ్మా?"

"రానన్నాడు. 'నిద్రలో ఊపిరి ఆగుతోందంటే నేను నిద్రపోతున్నట్టేగా. ఆ మాట బయటికి వెళ్తే నా సంగీతం ఏం కావాలి?' అన్నాడు. నేను పోరుపెడుతుంటే ఏడేళ్ళ కిందట ఈ గది తాళం చెవి సంపాదించాడని ఇప్పుడే అర్థమవుతోంది. రాత్రితో మాట్లాడి వస్తానని రోజూ వెళ్తాడు."

"పోనీ, అప్పట్నుంచైనా నువ్వు ఇంట్లో సుఖంగా పడుకోవచ్చుగా?"

ఆవిడ నవ్వింది. "ఎక్కడ పడుకున్నాడో... ఎవరు లెక్కపెడుతున్నారో... అనుకుంటూ ఎలా పడుకోను? తిట్టుకుంటాను, మళ్ళీ కూర్చుంటాను. పిచ్చిదాన్ని."

ఆ పుస్తకం తలగడ కింద ఉండేది. ఒకనాడు పొద్దున్నే ఇల్లు చేరిన మొగుడికి దొరికింది. పైన 'మాత్రలు' అని రాసి ఉంది, కింద పద్నాలుగు, ఇరవై రెండు, తొమ్మిది, ముప్పై ఒకటి. మీరే చెప్పండి. పెళ్ళాం తలగడ కింద అలాంటి పుస్తకం దొరికితే ఏ మొగుడికైనా గుండె జారిపోవాలి కదా? ముప్పై ఒక్క మాత్రలు మింగిందేమోనని పరుగెత్తుకెళ్ళి లేపాలి కదా? ఈయనకి ఆ ఊహే రాలేదు. "ఆహా, ఏం లయ!" అనుకుని జేబులో వేసుకున్నాడు. ఆవిడ మేలుకున్న రాత్రులు ఆయన కృతి అయ్యాయి. అది తన గుర్రేనని కూడా తెలుసుకోకుండా, రాత్రి నా చేతికిచ్చింది అని కార్యక్రమం పుస్తకంలో వేయించాడు. దాన్ని అచ్చువేసిన పాపంలో నాకూ వాటా ఉంది.

"తలుపు బాదుదాం, ఇవాళే తేల్చేద్దాం" అన్నాడు బాబాయ్.

"ప్రదర్శనకి నాలుగు రోజులుంది. ఇప్పుడు పరువు తీస్తే ఇంక జన్మలో నా మాట వినడు. అయ్యాక నేనే చెప్తాను. అప్పటిదాకా మీరు నోరు విప్పకండి" అంది ఆవిడ. ఆ రాత్రి తెల్లారేదాకా మెట్ల మీదే కూర్చుని లెక్కపెట్టిందట. తోడుగా బాబాయ్ కూర్చున్నాడు. ఒంటిగంటకి ఆయన నిద్రపోయాడు, అది వేరే సంగతి.

ఆ నాలుగు రోజుల్లో ఒక ముప్పు వచ్చిపడింది. నిద్రపోని మనిషి ఎలా బతుకుతాడో చూస్తామని పేపరువాళ్ళు ఇద్దరు గుడ్లగూబ వెంట పడ్డారు. పగలూ రాత్రీ ఆయన ఇంట్లోనే మకాం. పాపం, ఆయన జన్మలో మొదటిసారి నిజంగా నిద్రకి దూరమయ్యాడు. మూడు రాత్రులు కళ్ళు నులుముకుంటూ, తొడ గిల్లుకుంటూ, రాత్రి గురించి మాట్లాడుతూ గడిపాడు. నాలుగో రోజుకి తూలుతున్నాడు. ఆ రోజు ఫొటోకి నా సిరా అక్కర్లేకపోయింది.

ప్రదర్శన రోజు హాలు నిండిపోయింది. గుడ్లగూబ వేదికెక్కి, "ఈ రాత్రి మీరెవరూ నిద్రపోరు" అని శపించినట్టు చెప్పి దిగాడు. ముందు వరుసలో ఆయన కుర్చీ. దీపాలు ఆరిపోయాయి.

పేపరువాళ్ళు చీకట్లో ఏమీ చూడలేరు. ఆయన కుర్చీ ఖాళీ అయింది. ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖమెరగదు. అలికిడి లేకుండా పన్నెండు మెట్లు దిగి, లోపల గడియ పెట్టుకుని, పాత తెరల మీద వాలిపోయాడు.

మెట్ల పైన నిలబడ్డ బాబాయ్‌కి గడియ చప్పుడు వినపడింది.

పైన ఓబో అక్క ఊపిరితో కృతి మొదలైంది. మొదటి గుంపు. పద్నాలుగు మాత్రల విరామం... పదకొండో మాత్ర దగ్గర కింద నుంచి వచ్చింది —

గ్ఘర్ర్ర్ర్...

వద్దనుకున్నా ఆగలేదు, వాద్యాలన్నీ మోగాయి. ఇక అక్కణ్ణించి కృతిని నడిపింది ఓబో అక్క కాదు, కింద పడుకున్నవాడు. ఆయన పీలిస్తే వీళ్ళు ఊదారు, ఆయన ఆగితే వీళ్ళు ఆగారు. కర్రపెత్తనం చీకట్లో కోపంగా కర్ర విసిరాడు, అది స్టాండుకి తగిలి టంగుమంది. జనం దాన్నీ సంగీతమే అనుకున్నారు.

చివరి విరామం వచ్చింది. పెద్దది.

ఓబో అక్క లెక్కపెడుతోంది. పది. ఇరవై. కింద చప్పుడు లేదు. ఇరవై ఎనిమిది... ముప్పై... ముప్పై ఒకటి. కాగితం ప్రకారం ఇప్పుడు ఆవిడ ఊపిరి పీల్చాలి, అందరూ అందుకోవాలి.

ఆవిడ పీల్చలేదు.

ముప్పై రెండు.

ఆవిడ పుస్తకంలో ఏ రాత్రీ లేని అంకె అది. ముప్పై మూడు... ముప్పై అయిదు... హాల్లో ఎనిమిది వందల మంది ఉన్నారు. ఆ చీకట్లో ఒక మనిషి ప్రాణం పోతోందని తెలిసినవాళ్ళు ఇద్దరే. బాబాయ్ మెట్లు దూకి తలుపు మీద పడ్డాడు. గడియ. ముప్పై ఎనిమిది... నలభై...

ఆవిడ లేచి నిలబడింది. ముందు పాత గాలి వదిలింది, తర్వాత పీల్చింది. ఓబో చివరనుండే గంటలాంటి మూతిని కాళ్ళ కింది పలకల వైపు వంచి — శ్రుతి ఊదింది.

కృతిలో లేదది. కాగితం మీద లేదు. కానీ శ్రుతి వింటే ఊదేవాడు ఊరుకోగలడా? క్లారినెట్లు కలిపాయి. ఫ్లూట్లు కలిపాయి. బసూన్లు, హార్నులు కలిపాయి. ఎక్కడున్నామో, ఏం వాయిస్తున్నామో మరిచిపోయి, పద్దెనిమిది మందీ గొంతుదాకా గాలి నింపుకుని ఆ ఒక్క స్వరం మీద పడ్డారు. ట్యూబా ఆఖర్న అందుకుంది. వేదిక పలకలు అదిరాయి.

కింద పెట్టెలు దబదబా పడ్డ చప్పుడు... తర్వాత —

"హా...................!"

ఆ గదిలో ఏడేళ్ళలో మొదటిసారి ఎవరో ఊపిరి వదిలారు.

శ్రుతి ఆగింది. తర్వాత హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు! దీపాలు వెలిగేసరికి ఎనిమిది వందల మంది కళ్ళు తుడుచుకుంటున్నారు. కొందరు ఏడ్చి, ఎక్కువమంది అప్పుడే లేచి.

గుడ్లగూబ మెట్లెక్కి వచ్చాడు. జుట్టు రేగిపోయి, చెంప మీద తెర మడతల చారలు పడి, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. "చూశారా ఆ కళ్ళు! ఇరవై ఏళ్ళ జాగరణ!" అంది ముందు వరుసలో ఒకావిడ. మర్నాడు పేపర్లో, "చివర రాత్రే నిట్టూర్చింది. అలాంటి ముగింపు ఇంకెవరూ రాయలేరు" అని పడింది. నిజమే, ఆయన కూడా రాయలేదు.

ఆయన వంగి వంగి దండాలు పెడుతుంటే ఓబో అక్క పక్కకి వచ్చింది. నవ్వుతూనే, పెదాలు కదలకుండా అడిగింది. బాబాయ్ పక్కనే ఉండి విన్నాడు.

"రేపు డాక్టరు దగ్గరికి వస్తారా... ఇప్పుడే మైకులో చెప్పమంటారా?"

వచ్చాడు.

ఇప్పుడు ఆయన మొహానికి ఒక గొట్టం తగిలించుకుని ఇంట్లోనే పడుకుంటాడు. అది రాత్రంతా ముక్కులోకి గాలి ఊదుతుంది. ఇంట్లో మూడో ఊదే వాద్యం అని ఓబో అక్క అంటుంది. తొమ్మిదింటికి దీపం ఆర్పేస్తారట. 'రాత్రి — ఏడు' ఇంకా మొదలవలేదు, అవుతుందన్న ఆశా ఎవరికీ లేదు. 'నిద్రమాత్రలు' రెండోసారి వాయించినప్పుడు పుస్తకంలో ఒక లైను నేను సొంతంగా చేర్చాను: "మాత్రలు లెక్కపెట్టినది — మొదటి ఓబో." అది తీసెయ్యమని ఈసారి నాకు చీటీ రాలేదు. ఆవిడ కళ్ళ కింద నలుపు తగ్గింది.

కథ ఇక్కడితో అయిపోవాలి. నేనూ అలాగే అనుకున్నాను.

మొన్న రిపేరు బాబాయ్ నా అచ్చాఫీసుకి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ముందు రోజు రాత్రి ఒక బసూను మెత్తలు మార్చేసరికి పదయిందట. దెయ్యం లేదని తెలుసు కదా, ఈల వేసుకుంటూ ఊపిరి గదికి దిగాడట, ఖాళీ పెట్టె పెట్టడానికి. తలుపు తీసే ఉంది. లోపల ఎవరూ లేరు.

"వినపడింది" అన్నాడు.

"గుడ్లగూబ మళ్ళీ వచ్చాడేమో బాబాయ్!"

"ఇంటికి ఫోన్ చేశాను. పడుకున్నాడు. పక్కన ఆ యంత్రం చప్పుడు నాకే వినపడింది."

ఆయన నుదురు తుడుచుకుని, మెల్లగా అన్నాడు. "ఈసారి గరగర లేదురా. సన్నగా ఉంది, శుభ్రంగా ఉంది. ముందు... వదిలింది. తర్వాత పీల్చింది."

ఆ సాయంత్రం ప్రూఫులు ఇవ్వడానికి హాలుకి వెళ్ళి, ఓబో అక్కకి ఈ సంగతి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఆవిడ పీక తడుపుకుంటూ అంతా విన్నది. పన్నెండు మెట్ల వైపు ఒకసారి చూసింది.

"అలా చెప్పండి" అంది. "అదీ తాత పద్ధతి."